కాకికి పెట్టిన ముద్ద

కిందటి నెల మన సభ్యులొకరి ఇంట తద్దినం జరిగింది. పేరు రాయవద్దన్నారు గనక రాయటం లేదు. ఆయనకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. తండ్రిగారి తిథి. మంత్రం చెప్పటానికి ఒకాయన వచ్చారు, మడితో వంట అయింది, పిండాలు పెట్టారు, అన్నీ సక్రమంగా జరిగాయి. చివరికి ఆకు ముక్కలో అన్నం ముద్ద పెట్టుకుని, లిఫ్టులో పదకొండు అంతస్తులు దిగి, బ్లాకు వెనక నిద్రగన్నేరు చెట్టు కింద గడ్డిలో వుంచి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. కాకి రాలేదు. ముందు రెండు గోరింకలు వచ్చాయి. తరవాత పావురాలు. కాకి వచ్చే లోపలే పక్క బ్లాకు ఆవిడ ఒకరు వచ్చి, ఇక్కడ పక్షులకు మేత వెయ్యకూడదని మీకు తెలియదా అని మర్యాదగానే అడిగి, ఫోనుతో ఒక ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు.

తరవాతి ఆదివారం మన సమావేశంలో ఆయన ఈ మాట ఎత్తారు. "మా నాన్నకు నేను పెట్టుకున్నది అన్నం. ఆవిడ దాన్ని మేత అన్నారు. ఈ రెంటిలో ఏది నిజం?" అని అడిగారు. కుర్రవాళ్ళలో ఒకరు, "చట్టం వుంది కదా బాబాయిగారూ, ఏ ఊళ్ళో వుంటే ఆ ఊరి కట్టుబాటు పాటించాలి కదండీ" అన్నారు. ఒక పెద్దావిడ, "ఆకలిగొన్న ప్రాణికి పిడికెడు మెతుకులు పెట్టటం తప్పయిన చోట మనం ఎందుకున్నాం నాయనా" అన్నారు. ఇంతలో టీ వచ్చింది, మాట మరుగున పడింది. దీని మీద ఏదన్నా రాయండి అని కార్యవర్గం వారు మమ్మల్ని అడిగారు. మాకు ధర్మశాస్త్రం అంతంత మాత్రం, ప్రకృతి శాస్త్రమూ అంతంత మాత్రమే. పక్షులను చూసే అలవాటు మాత్రం కొంత వుంది. ఆ కాస్త ధైర్యంతో రాస్తున్నాం.

చట్టం సంగతి ముందు చెప్పి పక్కన పెడదాం. 2020 జూన్ నుంచి ఇక్కడ అమల్లో వున్న వన్యప్రాణి చట్టం ప్రకారం, అనుమతి లేకుండా స్వేచ్ఛగా తిరిగే పక్షికి గాని జంతువుకు గాని ఆహారం పెట్టటం నేరం. మొదటిసారి 5,000 డాలర్ల దాకా, మళ్ళీ చేస్తే 10,000 డాలర్ల దాకా జరిమానా. చెయ్యవద్దన్నారు, చెయ్యకూడదు, అంతటితో ఆ ప్రశ్న సరి. సరికానిది ఇంకొకటి వుంది. ఆ చట్టమే లేకపోతే మాత్రం ఆ ముద్ద పెట్టటం మంచి పనేనా? దయ ఎప్పుడైనా తప్పవుతుందా? పెద్దావిడ అడిగినది నిజానికి ఇదే. దానికి ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు.

సంస్కృతంలో కాకికి వున్న పేర్లలో రెండు మాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తాయి. ఒకటి బలిపుష్టం, అంటే బలిగా వేసిన అన్నంతో పెరిగేది. రెండవది పరభృత్తు, అంటే పరాయిదాన్ని పోషించేది. ఆ పోషణ పొందే కోకిలకు పరభృతమని పేరు. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పుస్తకం ముందు పెట్టుకుని పెట్టలేదు. పెరట్లో కూర్చుని చూసి పెట్టారు. మనిషి వేసిన అన్నం కాకికి చేరటం, కాకి తెచ్చిన ఆహారం కోకిల పిల్లకు చేరటం, ఈ రెండు మెట్లూ ఆ రెండు మాటల్లో వున్నాయి. మూడో మెట్టు ఏమిటో, ఆ అన్నం కోకిల తరవాత ఎక్కడికి పోతుందో వాళ్ళు చెప్పలేదు. వాళ్ళ పెరట్లో ఆ అవసరం రాలేదు కాబోలు.

సింగపూరులో మనం చూసే కాకి, మెడ చుట్టూ బూడిదరంగు వుండే మన ఊరకాకే. అది ఇక్కడి పక్షి కాదు. ఒళ్ళంతా నల్లగా, ముక్కు లావుగా వుండే బొంతకాకి ఇక్కడిది. దాన్ని ఇప్పుడు వెతుక్కుంటూ వెళ్ళి చూడాలి. ఊరకాకిని 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో సిలోను నుంచి మలయాలోని క్లాంగ్ ప్రాంతానికి తెచ్చారు. అక్కడి కాఫీ తోటలను గొంగళిపురుగులు తినేస్తూంటే, వాటిని ఏరి తింటుందని తోటల దొరలు తెప్పించారు. కాఫీ పోయింది, ఆ నేలలో రబ్బరు లేచింది, కాకి మాత్రం మిగిలింది. అక్కడి నుంచి రేవులు పట్టుకుని దిగుతూ, 1940ల నాటికి సింగపూరులోనూ కనిపించింది. మలయా తోటల్లోకి విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి మన తెలుగు కూలీలు దిగిందీ దాదాపు ఆ రోజుల్లోనే. కాకినీ మనిషినీ కూడా ఎవరో తమ తోట అవసరం కోసం తెప్పించుకున్నారు. అవసరం తీరాక ఇద్దరిలో ఎవరినీ ఏం చెయ్యాలో వాళ్ళు ఆలోచించి పెట్టలేదు.

ఈ పోలిక చెప్పగానే కొందరు మిత్రులకు కాకి మీద బంధుప్రీతి పుట్టుకొస్తుంది. మాకూ పుట్టింది. కాని అక్కడే ఆగితే విషయం తెలియదు.

ఆవరణ వ్యవస్థ అన్న మాట మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వుంటుంది. దాని ఇంగ్లీషు మాటను 1935లో టాన్‌స్లీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అచ్చులో ప్రవేశపెట్టాడు. చెట్లను వేరుగా, జంతువులను వేరుగా చదివితే సరిపోదు, మట్టీ నీరూ గాలీ ఎండా కలుపుకుని అంతా ఒకటిగా చూడాలి అన్నది ఆయన మాట సారాంశం. ఎండను ఆకు పట్టుకుంటుంది. ఆకును పురుగు తింటుంది. పురుగును పిట్ట, పిట్టను డేగ. చచ్చినదాన్ని చెదలూ బూజూ మళ్ళీ మట్టి చేస్తాయి. 1942లో లిండెమన్ అనే అమెరికా యువకుడి పరిశోధన అచ్చయింది, అప్పటికే ఆయన పోయాడు. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు శక్తి వెళ్ళేటప్పుడు చాలా భాగం దారిలోనే ఖర్చయిపోతుందని ఆయన లెక్కలు చెప్పాయి. స్థూలంగా పదోవంతు మాత్రమే పైకి చేరుతుందని తరవాతివాళ్ళు చెప్పుకున్నారు. అందుకే అడవి నిండా ఆకులుంటాయి, లేళ్ళు కొన్ని వుంటాయి, పులి ఒకటో రెండో వుంటుంది. తిండి ఎంత వుందో నేల చెబుతుంది. ఎందరుండాలో తిండి చెబుతుంది.

ఇప్పుడు మన బ్లాకు వెనక గడ్డికి వద్దాం. ఆ గడ్డీ ఆ నిద్రగన్నేరూ కలిసి పట్టుకునే ఎండతో ఎన్ని కాకులు బతకగలవు? ఒక జంట బతుకుతుందేమో. అక్కడ ఇరవై వుంటాయి. ఎలా? సింగపూరు తినే తిండిలో తొంభై శాతానికి పైగా బయటి దేశాల నుంచి ఓడల్లోనూ లారీల్లోనూ వస్తుంది. బియ్యం థాయిలాండుదో వియత్నాందో మన దేశానిదో అయివుంటుంది. కోడి ఎక్కడో బ్రెజిలులో పెరిగి వుంటుంది. కాఫీ షాపులో బల్ల మీద వదిలేసిన పళ్ళెంలోంచి మెతుకు ఎత్తుకుపోయే కాకి థాయిలాండు వరిచేలో మేస్తున్నదన్న మాట. దాని నేల దాని కాళ్ళ కింద లేదు. అందుచేత ఆ నేల చెప్పవలసిన హద్దు దానికి వినపడదు. (మన సంగతీ అంతే ననుకోండి. పదకొండో అంతస్తులో వున్న మనకు మాత్రం ఏ నేల హద్దు చెబుతోంది?)

పల్లెలో కాకికి వేసిన ముద్దకూ ఇక్కడ వేసిన ముద్దకూ మాకు కనపడే తేడా ఇదే. పల్లెలో ఆ ముద్ద ఊరి చేలో పండిన దానిలోంచి తీసినది. ఏటా ఒకనాడు, లేదా రోజూ ఒక పిడికెడు. దాని కోసం కాకితో పాటు కుక్కా చీమా ఉడుతా పోటీ పడతాయి. కాకి పిల్లలను ఎత్తుకుపోవటానికి గద్ద వుంటుంది, గూట్లో గుడ్డు పెట్టటానికి కోకిల వుంటుంది. ఆ ముద్ద వల్ల కాకుల సంఖ్య పెరగదు. ఇక్కడ కాకికి అడ్డు చెప్పేది ఏదీ లేని చోట, తిండి ఒక్కటే హద్దయిన చోట, తిండి పెట్టటమంటే కాకులను పెంచటమే.

2000-2001 ప్రాంతంలో లెక్కవేసినప్పుడు ఈ చిన్న దీవిలో ఊరకాకులు లక్షకు పైగా వున్నట్టు తేలింది. అంతకు ముందూ తరవాతా ఎన్నో ఏళ్ళు తుపాకులతో కాల్చారు. సాయంకాలం చెట్ల మీదికి చేరే వేళ చూసి కాల్చేవారు. అవి తగ్గాయి. ఇటీవలి కాలంలో ఉచ్చులు పెట్టటం, గూళ్ళు తీసివెయ్యటం జరుగుతోంది. 2023 ఫిబ్రవరిలో బిషాన్‌లో దారినపోయే వాళ్ళ తలల మీద కాకులు వచ్చి తన్నాయని పత్రికల్లో వచ్చింది. గూళ్ళు పెట్టే రోజుల్లో, పిల్లలు ఎగరటం నేర్చుకునేటప్పుడు కాకి అలాగే చేస్తుంది. మన ఊళ్ళలో చిన్నప్పుడు కాకి తన్నిందని తలస్నానం చేయించారుగాని, కాకిని పట్టుకురమ్మని ఎవరికీ కబురు పంపలేదు. ఇక్కడ పట్టుకుపోయారు. తప్పని మేము అనటం లేదు. తన్నిన కాకిని పట్టుకుపోతే ఆ కొమ్మ ఖాళీ అవుతుంది, కింద పళ్ళెం నిండుగానే వుంటుంది, ఖాళీ కొమ్మ మీదికి ఇంకో కాకి వస్తుంది. ఇది మాత్రం చెప్పక తప్పదు.

2021 సెప్టెంబరు నుంచి హాకర్ సెంటర్లలో తిన్న పళ్ళెం తిన్నవాళ్ళే తిరిగి పెట్టటం తప్పనిసరి చేశారు. మనలో చాలామంది గొణుక్కున్నాం. శుభ్రత కోసం చేసిన కట్టడి అది. మా దృష్టిలో కాకికి సంబంధించినంత వరకు తుపాకీ కంటే అదే ధర్మబద్ధమైన పని. ఎవరినీ చంపకుండా, పుట్టబోయే ఆకలిని ముందే ఆపుతుంది.

ఇక కోకిల. మన ఉగాది కవిసమ్మేళనాల్లో కోకిల లేని పద్యం వుండదు. కాకి వున్న పద్యం మేము ఇంతవరకు వినలేదు. సింగపూరుకు పూర్వం కోకిల చలికాలపు చుట్టంగా మాత్రమే అప్పుడప్పుడు వచ్చి పోయేది. 1980ల నుంచి ఇక్కడే వుండిపోయి గుడ్లు పెట్టటం మొదలుపెట్టింది. ఎందుకంటే అప్పటికి కాకి గూళ్ళు ఇక్కడ పుష్కలంగా వున్నాయి. కోకిల గూడు కట్టదు. మగ కోకిల కాకుల ముందు ఎగిరి వాటిని తరిమించుకుంటూ దూరంగా తీసుకుపోతే, ఒంటి నిండా చుక్కలున్న ఆడది చప్పుడు లేకుండా గూట్లోకి వెళ్ళి గుడ్డు పెట్టి వచ్చేస్తుంది. ఆ గుడ్డు కాకి గుడ్డు కంటే చిన్నది, కాని రంగు పోలుతుంది. కాకి గుడ్ల కంటే ముందే పగులుతుంది. ముందు పుట్టిన పిల్ల ముందు నోరు తెరుస్తుంది. ముందు తెరిచిన నోట్లో కాకి ముందు పెడుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు మనవాళ్ళు. నిజానికి కాకికి తన గూట్లో నోరు తెరిచిన ప్రతి పిల్లా ముద్దే.

పెరిగిన కోకిలకు పళ్ళు కావాలి. గార్డెన్ సిటీ చేస్తామని 1967లో ప్రకటించిన నాటి నుంచి వీధుల వెంట, ఇళ్ళ మధ్య నాటుతూ వచ్చిన చెట్లలో పళ్ళు కాసే పామ్‌లు ఎన్నో వున్నాయి. కాకి గూడు ఇచ్చింది, తోటమాలి పండు ఇచ్చాడు, కోకిల నిలిచిపోయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు కూస్తుంది. ఇక్కడ వసంతం లేదు గనక ఫలానా నెలలో కూస్తుందన్న నియమం కూడా మనకు పట్టుబడదు. మనకది ఉగాది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషికి అది శాపం. నిద్ర పట్టటం లేదని ఫిర్యాదులు వెళతాయి. కోకిలను పట్టటం కష్టం గనక, దాని పిల్లలు పెరిగే కాకి గూళ్ళను తీసివేస్తారు. పక్క బ్లాకు ఆవిడ ఆ రోజు అంత చిరాకుగా వుండటానికి ఆ తెల్లవారుజామున కూసిన కోకిలే కారణమేమో, ఆ కోకిల గొంతులోకి చిన్నప్పుడు పోయిన మెతుకుల్లో ఎవరి తద్దినపు ముద్ద వుందో ఎవరు చెప్పగలరు?

నవ్వటానికి అన్న మాట కాదు. ఒక ముద్ద గడ్డిలో పెడితే అది గడ్డిలో వుండదు. మెతుకుల మీద బతికిన కాకి మెతుకులతోనే ఆగదు. పిల్లలను పెంచేటప్పుడు దానికి మాంసం కావాలి. ఇతర పక్షుల గుడ్లూ పసికూనలూ ఎత్తుకుపోతుంది. అన్నం దొరకనంత కాలం కాకులు కొద్దిగా వుంటాయి, పిగిలిపిట్ట గూడు కాకి కంట పడటం తక్కువ. అన్నం దొరికి కాకులు పదింతలయితే, పిగిలిపిట్ట గూడు తప్పించుకునే చోటు వుండదు. ఆకలిగొన్న ప్రాణికి పెట్టిన పిడికెడు, ఆ ప్రాణి ద్వారా, మనం ఎన్నడూ చూడని ఇంకో తల్లి గూటి దాకా వెళుతుంది. పెద్దావిడ ప్రశ్నకు మాకు తోచిన జవాబులో మొదటి సగం ఇది. మన ఎదుట వున్న ప్రాణి ఆకలి మనకు కనపడుతుంది. దాని వెనక వున్నదాని నష్టం కనపడదు. కనపడినదాని మీద దయ, కనపడనిదాని మీద క్రౌర్యం అయ్యే అవకాశం వుంది.

ఆ కనపడనివాళ్ళు ఎవరో కొంచెం చెప్పాలి. 1819లో ఇంగ్లీషువాళ్ళు దిగినప్పుడు ఈ దీవి దాదాపు అంతా అడవి. తరవాత గాంబియర్, మిరియం తోటల కోసం నరికారు. గాంబియర్ అంటే మన తాంబూలంలో కాచు లాంటిది. తోళ్ళు పదును పెట్టటానికీ వాడేవారు. నేల సారం తీసేదాకా పండించి, వదిలి, పక్క అడవి నరుక్కుంటూ పోయారు. అడవి చీలిన చోట పులులు కూలీలను ఎత్తుకుపోయాయి, పులులను చంపితే బహుమానాలిచ్చారు. చివరి అడవి పులిని 1930లో చువా చూ కాంగ్ వైపు కాల్చారు. పులి లేని అడవిలో పందికి భయం ఎవరు? ఇటీవల అడవిపందులు పెరిగి లేత మొక్కలను కుళ్ళగించటంతో, 2012లో వాటిని చంపాలా వద్దా అని ఊరంతా వాదించుకున్నారు. 1854లో వాలెస్ అనే ఇంగ్లీషు ప్రకృతి పరిశోధకుడు బుకిత్ తిమా కొండ దగ్గర మకాం పెట్టి, రెండు నెలల్లో 700 రకాల పెంకుపురుగులను పట్టాడు. ఆ కొండ అడవి ఇప్పుడు 163 హెక్టార్లు. మొదటి అడవిలో 95 శాతానికి పైగా పోయిందని, తెలిసిన జాతుల్లో కనీసం 28 శాతం ఇక్కడ అంతరించాయని 2003లో బ్రూక్, సోధి, ఇంగ్ అనే శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. ఎవరూ గుర్తించక ముందే పోయినవాటిని కూడా అంచనా కట్టి, 2023లో మరికొందరు ఆ లెక్కను 37 శాతంగా చెప్పారు.

పోయినవి ఏవి, మిగిలినవి ఏవి? కాకీ గోరింకా పావురమూ మన పళ్ళెంలో మిగిలినదాన్ని తినగలవు, మన కిటికీ మీద గూడు పెట్టగలవు. వాటికి కష్టం లేదు. తనకు ఫలానా చెట్టే కావాలి, ఫలానా తొర్రే కావాలి అన్నవి పోయాయి. హార్న్‌బిల్ పక్షి సంగతి చూడండి. ఆడది పెద్ద చెట్టు తొర్రలో దూరి, చిన్న సందు మాత్రం వుంచి ద్వారం మూసేసుకుంటుంది. ఆ సందులోంచి మగది రోజుల తరబడి పళ్ళు తెచ్చి అందిస్తుంది. మగది దారిలో చచ్చిపోతే లోపలివాళ్ళకు దిక్కు లేదు. ముసలి చెట్లు పోతే తొర్రలు పోయాయి, తొర్రలు పోతే హార్న్‌బిల్ పోయింది. నూరేళ్ళకు పైగా ఇక్కడ లేక, 1994లో పులావ్ ఉబిన్ దీవిలో మళ్ళీ కనిపించింది. చెక్క పెట్టెలు కట్టి తొర్రల్లాగా అమరిస్తే నిలిచింది. ఇప్పుడు ఇళ్ళ మధ్యకూ వస్తోంది.

దానికి ఇష్టమైన వాటిలో మర్రిపండు ఒకటి. మన మర్రి, రావి, మేడి కుటుంబంలోని చెట్లు ఇక్కడి అడవిలో ఎన్నో రకాలున్నాయి. మేడిపండు పొట్ట విప్పితే పురుగులుంటాయని మనం వెక్కిరింపుగా చెప్పుకుంటాం. ఆ పురుగు చాలా మటుకు ఆ చెట్టుకు మంత్రసాని. పండులా కనిపించేది నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. సన్నని కందిరీగ జాతి ఆడపురుగు చిన్న రంధ్రంలోంచి రెక్కలు తెగిపోయినా దూరి, ఇంకో చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడి వదిలి, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. మామూలుగా ఒక్కొక్క రకం చెట్టుకు దాని పురుగు దానికే వుంటుంది. పురుగు లేనిదే చెట్టుకు విత్తనం లేదు, చెట్టు లేనిదే పురుగుకు పుట్టుక లేదు. మిగతా చెట్లు కాయని రోజుల్లో కూడా ఏదో ఒక మర్రి కాస్తూ వుండటం వల్ల అడవిలో ఎన్నో నోళ్ళు నిలుస్తాయి. అంటే ఆ హార్న్‌బిల్ బతుకు కంటికి ఆనని ఒక పురుగు చేతిలో వుంది. ఇటువంటి ఏర్పాటుకు మనం అన్నం పెట్టి చెయ్యగల సాయం ఏమీ లేదు. చోటు ఇవ్వాలి, అంతే.

రెండో సగానికి వస్తాం. ఇదంతా విన్న ఒక మిత్రుడు, "అయితే పరాయి దేశం నుంచి వచ్చిన కాకిని చంపటమే న్యాయమంటారా?" అన్నారు. అలా మేము అనం. పరాయిది అన్న మాటతో చిక్కుంది. బల్లల మధ్య తిరిగే నల్లటి జావా గోరింక 1920ల్లో పంజరాల వ్యాపారం ద్వారా ఇక్కడికి వచ్చింది. మనకు ఇంటి దగ్గర అలవాటైన గోధుమరంగు గోరింక 1930ల్లో ఉత్తరం నుంచి తానే ఎగిరి వచ్చింది. ఇక్కడ జావా గోరింకను పీడ అంటారు. సొంత ఊరైన జావాలో మాత్రం పంజరాల కోసం పట్టీ పట్టీ దాన్ని దాదాపు లేకుండా చేశారు. ప్రపంచపు లెక్కల్లో అది ఆపదలో వున్న జాతి. పుట్టిన చోట లేదు, వున్న చోట వద్దు. ఇది మనకు తెలియని కథ కాదు. ఆ మాటకొస్తే, ఇక్కడివాళ్ళంతా తమ చెట్టనుకునే నిద్రగన్నేరు దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాని కొమ్మల మీద పెరిగే ఫెర్నులను, వాటి మధ్య తిరిగే ఉడుతలను చూసి దాన్ని నరకమని ఎవరూ అనరు.

కనుక ఎక్కడి నుంచి వచ్చావు అన్నది ధర్మమైన ప్రశ్న కాదని మా అభిప్రాయం. వచ్చి ఎవరితో ఎలా వుంటున్నావు, నీ వల్ల ఎవరికి చోటు పోతోంది, ఎవరికి దొరుకుతోంది అన్నవే అడగదగ్గవి. కాకిని మనవాడని వెనకేసుకు రావటమూ, పరాయిదని కాల్చటమూ ఈ రెండు ప్రశ్నలూ అడగకుండా తప్పించుకునే దారులే. అంతే కాదు, కాకి ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. తన ముందు వున్నది తింటుంది. జవాబు చెప్పవలసినది పళ్ళెం వదిలేసిన వాళ్ళు, ముద్ద పెట్టినవాళ్ళు, అడవి మధ్య నుంచి రోడ్డు వేసినవాళ్ళు. 1986లో బుకిత్ తిమా అడవిని పక్క అడవి నుంచి వేరు చేస్తూ ఎక్స్‌ప్రెస్‌వే పోయింది. 2013లో దాని మీదుగా 62 మీటర్ల పొడవున మట్టి పోసి, చెట్లు నాటి, జంతువులు దాటటానికి వంతెన కట్టారు. అలుగులు ఆ వంతెన మీద నడుస్తున్నట్టు రాత్రిపూట పెట్టిన కెమెరాల్లో పడింది. కోసినవాళ్ళే కుట్టు వేశారు. ఆలస్యంగానే అనుకోండి.

మరి భూతయజ్ఞం? గృహస్థు చెయ్యవలసిన పంచయజ్ఞాల్లో సకల ప్రాణులకూ ఇంత పెట్టటం ఒకటి కదా, అది మానుకోమంటారా అని అడుగుతారు. మేము దాన్ని చిన్నప్పటి నుంచి అన్నం పెట్టటంగానే ఎరుగుదుం. వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు చీమకు, కుడితి ఆవుకు, చివరి ముద్ద కుక్కకు. కాని ఆ అన్నం వెనక ఇంకొకటి వుండేది. చీమకు వాకిట్లో పుట్ట పెట్టుకునే చోటు, పిచ్చుకకు చూరులో చోటు, పాముకు పెరటి మూల చోటు మనం ఇచ్చాం. ఇస్తున్నామని తెలియకుండానే ఇచ్చాం. అన్నం మనకు గుర్తుంది, చోటు గుర్తులేదు. ఇక్కడ ప్రాణులకు కొరవడినది అన్నం కాదు, అది ఎక్కువైంది. కొరవడినది చోటు. యజ్ఞమంటే తనది వదులుకోవటమైతే, మిగిలిపోయిన అన్నం పెట్టటం కంటే కావలసిన చోటు వదలటం కష్టం.

ఇదంతా రాసి, అచ్చుకు ఇచ్చే ముందు, ఆ పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్ళి చదివి వినిపించాం. ఓపిగ్గా విన్నారు. మధ్యలో కోకిల దగ్గర ఒకసారి నవ్వారు. "అయితే వచ్చే ఏడు నన్నేం చెయ్యమంటారు?" అన్నారు. 2020లో మొదలుపెట్టిన పది లక్షల చెట్ల కార్యక్రమంలో మామూలు జనం కూడా మొక్కలు నాటవచ్చు, నాన్నగారి పేర ఒకటి పెట్టండి, పండు కాసే జాతిదైతే ఎన్ని పక్షులో తింటాయి, ఏటా తింటాయి, మీరున్నా లేకపోయినా తింటాయి అన్నాం. కొంచెం గర్వంగానే అన్నాం.

ఆయన కాసేపు కిటికీ వైపు చూశారు. "మొక్క పెడతాను. అది మంచి మాటే. కాని మా అమ్మ బతికున్న రోజుల్లో, కాకి ముట్టే దాకా ఎండలో నిలబడి వుండి, ముట్టగానే లోపలికి వచ్చి, మీ నాన్న తిన్నారురా, ఇక మీరు కూర్చోండి అనేది. అప్పటి దాకా మాకెవరికీ అన్నం పెట్టేది కాదు. ఆ కబురు మొక్క చెప్పదు కదండీ" అన్నారు.

మేము కాగితాలు మడిచి సంచీలో పెట్టుకున్నాం.